మొక్కలు నాటిన మర్నాడు కెమెరా ఎక్కడుంది?

పాడైపోయిన నేల, ఎండిన వాగు, నరికేసిన అడవి మళ్లీ ఎలా కోలుకున్నాయో చెప్పే డాక్యుమెంటరీలు ఎక్కడ దొరికినా చూస్తాను. నలుగురిని పోగేసి చూపిస్తాను, వీలు చిక్కితే చిన్నచిన్నవి తీస్తాను కూడా. వాతావరణ మార్పు గురించి జనాన్ని కదిలించాలన్నా, పాడైన ప్రకృతిని బాగుచేసే పనిలోకి దింపాలన్నా ఇంతకంటే బలమైన సాధనం నాకైతే కనబడలేదు. కానీ ఆ బలాన్ని మనం సగమే వాడుతున్నాం. మొక్కలు నాటే రోజు కెమెరా ఉంటుంది, పదేళ్ల తర్వాత పచ్చబడిన కొండ మీద డ్రోన్ ఎగిరేటప్పుడు మళ్లీ ఉంటుంది, మధ్యలో ఏళ్ల తరబడి జరిగిన అసలు పని దగ్గర మాత్రం ఎవరూ ఉండరు. నా బాధంతా ఆ మధ్య కాలం గురించే.

ముందు ఈ విషయానికి సినిమా ఎందుకు అంతగా పనికొస్తుందో చెప్పాలి. ప్రకృతి పాడవడమైనా బాగుపడటమైనా కంటికి ఆనని వేగంతో జరుగుతుంది. రోజూ చూసే కొండ మీద చెట్లు ఏడాదికి కొన్ని చొప్పున తగ్గిపోతుంటే ఎవరూ ఉలిక్కిపడరు. డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో దీని గురించే రాశారు. ప్రతి తరం తాను పనిలోకి వచ్చేనాటికి సముద్రంలో ఎన్ని చేపలున్నాయో అదే మామూలు అనుకుంటుంది, తరుగుదలను అక్కణ్నుంచే లెక్కేస్తుంది, అంతకుముందు తరం చూసిన సముద్రం లెక్కలోకే రాదు. చేపల సంగతే కాదు, అడవులు, చెరువులు, పక్షులు అన్నిటి విషయంలోనూ ఇంతే. ఈ మరుపుకి పాత ఫుటేజ్‌ని మించిన మందు లేదు. అదే చోట, అదే వైపు తిప్పి తీసిన రెండు షాట్లు పక్కపక్కన పెడితే వాదించాల్సిన అవసరమే ఉండదు.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ చైనాలోని లోయస్ పీఠభూమి. సుమారు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల నేల అది, గాలి మోసుకొచ్చిన మెత్తటి పసుపు మట్టితో ఏర్పడింది. వందల ఏళ్లపాటు చెట్లు కొట్టేసి, ఏటవాలు గట్ల మీద దున్ని, గొర్రెల్నీ మేకల్నీ ఇష్టమొచ్చినట్టు మేపేసరికి పట్టు లేని ఆ మట్టి వానలకు కోసుకుపోయి లోతైన గండ్లు పడ్డాయి. పసుపు నదికి ఆ రంగు, ఆ పేరు వచ్చింది కూడా ఈ మట్టి వల్లే. 1994లో అక్కడ ప్రపంచ బ్యాంకు సాయంతో పెద్ద పునరుద్ధరణ ప్రాజెక్టు మొదలైంది, 1995లో జాన్ డి. లియు అనే టీవీ వార్తల కెమెరామన్ దాన్ని తీయడానికి వెళ్లారు. తీసేసి ఇంటికెళ్లిపోతే అది ఒక వార్తా కథనంగా మిగిలేది. ఆయన ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అదే కొండలకు వెళ్లారు. బోడిగా, పగిలిపోయి ఉన్న కొండ, మెట్లు మెట్లుగా పొలాలు చెక్కిన కొండ, పచ్చబడిన కొండ, మూడూ ఆయన కెమెరాలో ఉన్నాయి. ఆ ఫుటేజ్‌తో 2009లో వచ్చిన ‘హోప్ ఇన్ ఎ ఛేంజింగ్ క్లైమేట్’ చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే, ఇది నిజంగా అదే చోటా అని. లియు తర్వాత్తర్వాత వార్తల పని వదిలేసి నేలల పునరుద్ధరణకే జీవితం అంకితం చేశారు. ఆ సినిమాలు చూసి కదిలినవాళ్లు తోడై, వేర్వేరు దేశాల్లో జనం కలిసి వచ్చి నేల బాగుచేసే శిబిరాల ఉద్యమం పుట్టింది. ఒక కెమెరా మనిషి ఒకే చోటికి పదే పదే వెళ్లడం వల్ల ఇంత జరిగింది.

ఆ ప్రాజెక్టులో మధ్య కాలం ఎలా గడిచిందో కూడా చూడండి. దాదాపు 35,000 చదరపు కిలోమీటర్లు బాగుపడ్డాయని, 25 లక్షల మంది పేదరికం నుంచి బయటపడ్డారని, పసుపు నదిలోకి ఏటా చేరే మట్టి 10 కోట్ల టన్నులకు పైగా తగ్గిందని ప్రపంచ బ్యాంకు లెక్కలు చెబుతాయి. కానీ ఇదంతా కొండలెక్కి మొక్కలు నాటితే అయిపోలేదు. పశువుల్ని బయట మేపొద్దన్నారు, కట్టేసి మేపాల్సొచ్చింది. ఏటవాలు గట్ల మీద సేద్యం ఆపాల్సొచ్చింది. మేకలే ఆధారంగా బతికే కుటుంబానికి రేపట్నుంచి వదలకూడదు అంటే ఎంత కష్టమో ఆలోచించండి. భూమి మీద తమకు దీర్ఘకాలిక హక్కు ఉంటుందని, మెట్ల పొలాల్లో పండేది తమకే దక్కుతుందని నమ్మకం కుదిరాకే జనం పనిలో దిగారు. అంతా సాఫీగా ఉందని కూడా కాదు. ఆ పీఠభూమి మీద పెంచిన పచ్చదనం అక్కడి నీళ్లు భరించగలిగే హద్దుకు చేరువవుతోందని 2016లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చెట్లు కూడా నీళ్లు తాగుతాయి కదా. నేనైతే ఈ సంగతి సినిమా అయ్యాక తప్పకుండా చెబుతాను. చెబితే జనం ఉత్సాహం చల్లారిపోతుందని కొందరంటారు, నేను చూసినంతలో అది నిజం కాదు. ఇబ్బందుల్ని కూడా చెప్పినప్పుడే జనం మనల్ని నమ్ముతారు, ప్రశ్నలు అడుగుతారు, కుర్చీల్లోంచి లేవరు.

ఇప్పుడు మొక్కలు నాటే రోజు సంగతి. అంత అందంగా వచ్చే దృశ్యం ఇంకోటి ఉండదు, పిల్లలు, ఒకే రంగు టీషర్టులు, చేతులకు మట్టి, వరసగా మొక్కలు. సాయంత్రానికి వీడియో బయటికొస్తుంది, వేలల్లో లైకులు వస్తాయి, ఆ మొక్కల్లో ఎన్ని బతికాయో మళ్లీ ఎవరూ అడగరు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల తరబడి మడ అడవులు నాటారు. అక్కడి శాస్త్రవేత్తలు 2008లో వెనక్కి తిరిగి చూస్తే చాలాకాలం నిలిచి బతికినవి 10 నుంచి 20 శాతమేనని తేలింది. కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. రైజోఫోరా జాతి మడ చెట్టు మొలకలు పొడుగ్గా, కర్రపుల్లల్లా ఉంటాయి, బురదలో గుచ్చితే నిలబడతాయి, నాటడం తేలిక, ఫొటోకి బాగుంటుంది. దాంతో వాటినే తెచ్చి, సముద్రం వైపు, ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉండే బురద నేలల్లో గుచ్చారు. అక్కడ అలల దెబ్బకు ముందుగా నిలదొక్కుకునేవి అవిసీనియా, సొనరేషియా లాంటి వేరే జాతులు. పైగా మడలు పెరగాల్సిన అసలైన నేలలు చాలావరకు చేపల చెరువులుగా మారి ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి, వాటి జోలికి వెళితే గొడవ, బురద మీద గుచ్చితే ఎవరూ అడగరు. ఇవన్నీ ఒక మంచి డాక్యుమెంటరీలో ఉండాల్సిన విషయాలు కావా? నాటిన ఏడాదికి అదే తీరానికి ఒక్క కెమెరా తిరిగి వెళ్లినా ఆ తప్పు రెండో ఏడాదికే బయటపడేది, ఎంతో డబ్బు, ఎంతోమంది శ్రమ మిగిలేవి.

సహజంగా గడ్డి నేలలుగా ఉండాల్సిన చోట్ల చెట్లు నాటేసి దాన్నే పునరుద్ధరణ అనడం ఇంకో తప్పు. గడ్డి మైదానం తెర మీద ఖాళీగా కనబడుతుంది, అందుకే దాని తరఫున మాట్లాడే సినిమాలు తక్కువ. దాని బలమంతా నేల కింద వేళ్లలో ఉంటుంది. అది తీయడం కష్టమే, అయినా ఎవరో ఒకరు తీయాలి.

మధ్య కాలం బోరు కొడుతుంది, ప్రేక్షకుడు ఉండడు అనే మాట ఎడిటింగ్ టేబుల్ దగ్గర తరచూ వింటాం. నేను ఒప్పుకోను. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు చేసిన పనే చూడండి. 1980ల మొదట్లో కరువు దెబ్బకి ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు ఆయన పొలం వదల్లేదు. అక్కడి నేల ఎండకు పెంకులా గట్టిపడిపోతుంది, వాన పడితే చుక్క లోపలికి దిగదు. ఆయన వాళ్ల పాత పద్ధతినే తీసుకున్నాడు, దాని పేరు జాయ్, అంటే నేలలో చిన్నచిన్న గుంటలు తవ్వడం. కాకపోతే గుంట కాస్త పెద్దది చేశాడు, వానలు పడ్డాక కాకుండా ఎండాకాలంలోనే తవ్వి అందులో పశువుల ఎరువు, ఆకులు వేశాడు. ఊళ్లోవాళ్లు పిచ్చోడన్నారు. ఆ ఎరువు కోసం చెదపురుగులు వచ్చాయి. చెదలు మట్టిలో సన్నటి సొరంగాలు తవ్వుకుంటూ పోయాయి. మొదటి వాన పడగానే ఆ సొరంగాల గుండా నీళ్లు లోపలికి దిగాయి, గుంటలో వేసిన జొన్న, సజ్జ మొలిచాయి, ఎరువులో కలిసి వచ్చిన చెట్ల గింజలు కూడా మొలిచాయి, ఆయన వాటిని పీకేయకుండా కాపాడాడు. కాలక్రమంలో అక్కడ ఒక అడవే తయారైంది. ఆయన మీద 2010లో ఒక డాక్యుమెంటరీ వచ్చాక ప్రపంచమంతా తెలిశాడు, 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు అందుకున్నాడు, 2023 డిసెంబరులో కన్నుమూశాడు. గట్టి నేల మీద పార దెబ్బ, గుప్పెడు ఎరువు, చెదపురుగు, వాన చుక్క. ఇందులో బోరు ఎక్కడుంది? కెమెరాను నేలకు ఆనించి పెట్టి ఓపిక పట్టాలి, అంతే.

అదే ఏడాది అదే అవార్డు అందుకున్న టోనీ రినాడో కథ కూడా ఇలాంటిదే. ఈ ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు బుర్కినా ఫాసో పక్క దేశమైన నైజర్‌లో మొక్కలు నాటుతూ ఉంటే చాలావరకు చచ్చిపోయేవి. 1983లో ఒకరోజు ఇసుక దారిలో టైర్ల గాలి తగ్గిద్దామని బండి ఆపి, పక్కనే ఉన్న పొదను దగ్గరికెళ్లి చూస్తే అది పొద కాదు, నరికేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన రెమ్మలు. అలాంటి మోళ్లు పొలాల నిండా ఉన్నాయి, వేళ్లు కింద బతికే ఉన్నాయి. రైతులు ఏటా వాటిని నరికి కాల్చేస్తున్నారు. నరకడం ఆపి, బలమైన రెమ్మలు కొన్ని ఉంచి మిగతావి కత్తిరిస్తే చాలు, చెట్టు లేస్తుంది. ఈ పద్ధతి రైతు నుంచి రైతుకు పాకి దాదాపు 20 ఏళ్లలో నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లకు చేరింది. మొక్కలు నాటే వీడియోలు తీసేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బావుంటుంది. చాలాచోట్ల నాటక్కర్లేదు, ఉన్నదాన్ని బతకనిస్తే చాలు. దాన్ని తెర మీద చూపించాలంటే మాత్రం ఆ మోడు దగ్గరికి ఏడాదికి ఒకటి రెండుసార్లైనా వెళ్లాల్సిందే.

నేను తీసేటప్పుడు పాటించే పద్ధతి చెబుతాను, ఎవరైనా వాడుకోవచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడే నేలలో ఒక ఇనుప కడ్డీ పాతి పెట్టుకోవాలి, లేదా కదలని బండరాయి మీద గుర్తు పెట్టుకోవాలి. ట్రైపాడ్ అక్కడే నిలబడాలి. కెమెరా ఎత్తు, ఏ లెన్స్, ఏ దిక్కుకు తిప్పాం, ఏ నెల, ఎన్నింటికి అన్నీ రాసుకోవాలి. ఫ్రేములో మారనిది ఒకటి ఉండాలి, దూరంగా కొండ అంచో, ఓ పెద్ద రాయో, లేకపోతే ఐదేళ్ల తర్వాత తీసిన షాట్ చూసి ఇది వేరే చోటు అనేస్తారు. ఎండాకాలం షాట్‌ని వానాకాలం షాట్ పక్కన పెట్టి మార్పు వచ్చిందని చూపించడం మోసం, అది అస్సలు చేయకూడదు. ఇలాంటివి చాలా చూస్తున్నాను, ఒక్కటి బయటపడినా నిజాయితీగా తీసినవాళ్ల మీద కూడా నమ్మకం పోతుంది. ఇంకోటి, శబ్దం. తెల్లవారుజామున అదే చోట పది నిమిషాలు ఆడియో రికార్డు చేసి పెట్టుకోండి. బోడి నేల మీద గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. కొన్నేళ్లకి పురుగులు, కప్పలు, పక్షులు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి, ఆ తేడా చెవితో వింటే కలిగే కదలిక ఏ గ్రాఫూ ఇవ్వలేదు.

నేను చూపించే షాట్లలో జనం ఎప్పుడూ మళ్లీ వేయమని అడిగేది చాలా చిన్నది. ఒక చెంబుడు నీళ్లు బోడి నేల మీద పోస్తాం, అది పైనే పరుచుకుని, మట్టి కలుపుకుని ఎర్రగా పల్లానికి జారిపోతుంది. పక్కనే ఆకులు, గడ్డి కప్పి కొన్నేళ్లుగా కాపాడిన నేల మీద అదే చెంబుడు నీళ్లు పోస్తాం, చూస్తుండగానే ఇంకిపోతాయి. స్లో మోషన్‌లో వాన చుక్క కూడా తీశాం. పెద్ద చుక్క సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది, బోడి మట్టి మీద ఆ దెబ్బకు రేణువులు చుట్టూ ఎగిరిపడతాయి. గడ్డి పోచ మీద పడితే చుక్క విరిగి మెల్లగా కిందికి జారుతుంది. నేల కోత అంటే ఏమిటో, నేల మీద ఆకులు, గడ్డి కప్పి ఉంచడం ఎందుకు కావాలో ఇక విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు.

ఇంత చేసినా, సినిమా చూసినంత మాత్రాన జనం మారతారా అంటే ఒక్క సినిమాతో మారరు. 2006లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ చెప్పిన వాతావరణ మార్పు డాక్యుమెంటరీ గురించి గ్రాంట్ జేకబ్‌సన్ అనే పరిశోధకుడు 2011లో ఒక లెక్క తేల్చాడు. ఆ సినిమా ఆడిన థియేటర్లకు 10 మైళ్ల లోపు ఉన్నవాళ్లు తమ కాలుష్యానికి పరిహారంగా స్వచ్ఛందంగా డబ్బు కట్టే కార్బన్ ఆఫ్‌సెట్లు కొనడం 50 శాతం పెరిగింది. కదిలిపోయారు, జేబులో చెయ్యి పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ ఊపు నిలిచినట్టు ఆధారాలు మాత్రం పెద్దగా లేవు. సముద్రాల గురించి బీబీసీ తీసిన ‘బ్లూ ప్లానెట్ 2’ మీద 2020లో వచ్చిన ప్రయోగంలో చూసినవాళ్లకు పర్యావరణం గురించి తెలిసింది పెరిగింది కానీ, ప్లాస్టిక్ ఎంచుకోవడంలో తేడా రాలేదు. భయపెట్టే దృశ్యాలు కళ్లను కట్టిపడేస్తాయి కానీ మనిషిని పనిలోకి దింపవని చెప్పిన పరిశోధన కూడా ఉంది. ఇవి చదివి నీరుగారిపోనక్కర్లేదు. సినిమా తలుపు తెరుస్తుంది, ఆ తలుపు తెరుచుకుని ఉన్న కాస్త సమయంలోనే చేతికి పని అందించాలి.

అందుకే నా స్క్రీనింగుల్లో సినిమా కంటే తర్వాతి గంటకే ఎక్కువ టెన్షన్ పడతాను. తెర ఆగగానే లైట్లు వేసి చప్పట్లు కొట్టించి పంపేస్తే అంతా గాల్లో కలిసిపోతుంది. నేల పని చేతులతో చేసిన మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి, వాళ్ల మాట జనం వినాలి. ఎక్కడ, ఏ రోజు, ఏ పని అని రాసిన కాగితం చేతికి అందాలి, మొక్క నాటడమే కానక్కర్లేదు, విత్తనాలు ఏరడం, నాటినవి లెక్కపెట్టడం, గట్టు వేయడం, పంచాయతీకో ప్రభుత్వానికో అర్జీ రాయడం, ఏదైనా సరే. వచ్చినవాళ్లలో కొద్దిమంది వచ్చినా చాలు, వాళ్లు వచ్చిన రోజున మళ్లీ కెమెరా ఉండాలి.

వాతావరణం విషయంలో ఒక మాట దాచకుండా చెప్పాలి. పునరుద్ధరణ సినిమాలు చూసి చెట్లు పెంచేస్తే సరిపోతుందిలే అనుకునే ప్రమాదం ఉంది. బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం వల్ల ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. అది తగ్గకుండా అడవుల మీద భారం వేస్తే అడవి మోయలేదు, వేడి పెరిగిన కొద్దీ కార్చిచ్చులు, కరువులు ఆ అడవినే మింగేస్తాయి. పెట్రోలు, బొగ్గు కంపెనీల డబ్బుతో తీసిన పచ్చటి సినిమా మీ ముందుకొస్తే ఆ కంపెనీ తవ్వకాలు తగ్గించిందా అని అడగండి, అడగడం మన హక్కు. జేమ్స్ బాలోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ 2007 నుంచి హిమానీనదాల ముందు కెమెరాలు బిగించి ఏళ్ల తరబడి అదే ఫ్రేము తీయించారు, మంచు వెనక్కి పోవడం అందులో స్పష్టంగా కనబడుతుంది. నేను ఆ మంచు ఫుటేజ్‌ని, నేల పచ్చబడే ఫుటేజ్‌ని ఒకే సాయంత్రం పక్కపక్కన చూపించడానికి ఇష్టపడతాను. ఒకటి ఎంత నష్టపోతున్నామో చెబుతుంది, ఇంకోటి చేతిలో ఇంకా ఏముందో చెబుతుంది, రెంట్లో ఏదీ వదలకూడదు.

తీసిన సినిమా ఎవరిది అన్నది కూడా తేల్చుకోవాలి. సవడోగో అడవిలో కొంత భాగం, అంత పేరు వచ్చినా, పట్టణ విస్తరణ కింద పోయింది. పేరు రావడం వేరు, హక్కు రావడం వేరు. కాబట్టి ఎవరి నేల తీస్తున్నామో వాళ్లకి సినిమా ముందుగా, వాళ్ల భాషలో చూపించాలి, వద్దన్న షాట్ తీసేయాలి, మొత్తం ఫుటేజ్ కాపీ వాళ్ల దగ్గర ఉంచాలి. రేపు ఎవరైనా ఇది బీడు భూమి, ఇక్కడ ఏమీ లేదు అంటే చూపించడానికి వాళ్ల దగ్గర తేదీలతో సహా సాక్ష్యం ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దం అని ప్రకటించింది. సగానికి పైగా అయిపోయింది. ఈ దశాబ్దం పేరుతో మొదటి ఏళ్లలో నాటిన, తవ్విన, కట్టిన పనులన్నీ ఇప్పుడు సరిగ్గా మధ్య కాలంలో ఉన్నాయి, అంటే కెమెరాలు వెళ్లాల్సిన సమయం ఇదే. మీ హార్డ్ డిస్క్‌లో 2021, 2022ల్లో తీసిన అలాంటి ఫుటేజ్ ఏదైనా ఉంటే ఈ వారమే బయటికి తీసి చూడండి. ఎక్కడ నిలబడి తీశారో గుర్తుపట్టి, అదే నెలలో, అదే వేళకి వెళ్లి ఫోన్‌తోనైనా సరే మళ్లీ తీయండి. చచ్చిపోయిన మొక్కలు కనబడితే వాటినీ తీయండి, ఎందుకు పోయాయో అక్కడి మనుషుల్ని అడిగి ఆ జవాబు కూడా రికార్డు చేయండి. మీరు తీసింది నాకు పంపిస్తే వచ్చే స్క్రీనింగులో మొదట అదే వేస్తాను.